చేతులతో కట్టిన కంప్యూటరు



కడచిన వేసవి సెలవులలో మా యింట నొక చిన్న సంగతి జరిగినది. పట్టణమునుండి వచ్చిన నా మనుమడు, పండ్రెండేండ్లవాడు, మధ్యాహ్నము నేను కునుకు తీయుచుండగా అటుకమీది పాత ట్రాన్సిస్టరు రేడియోను దింపి, వసారాలో చాప పఱచి, మరలు విప్పి, లోపలి భాగములన్నిటిని వరుసగా పేర్చెను. ఆ రేడియో మా తండ్రిగారు కొనినది. నేను లేచి చూచి మండిపడితిని. "దీనివలన ఉపయోగమేమిరా?" అని గద్దించితిని. వాడు బదులు చెప్పలేదు. తలవంచుకొని అన్నిటిని మఱల బిగించెను. చివరకు రెండు మరలు మిగిలినవి. అంతకుముందు గురగురలాడుచునైనను పలుకుచుండిన రేడియో పూర్తిగా మూగవోయినది. నా మాటయే నెగ్గినదని ఆ సాయంకాలము నేను లోలోపల సంతోషించితిని.

ఆ సంతోషము నిలువలేదు. ఎందుచేత నిలువలేదో చెప్పుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని. తరువాత కొన్నాళ్లకు, కంప్యూటరు సామాన్యుని యింటిలో నెట్లు ప్రవేశించెనో తెలిసికొనవలెనని కొన్ని గ్రంథములు చదివితిని. చదువుచున్నకొలదిని, నేను మనుమని నడిగిన ప్రశ్ననే ఆ కథలో పలువురు పలుమాఱు లడిగి, బదులు పొందకపోవుట చూచితిని.

నేడు మన పల్లెలలోను చేతిలో ఫోను లేనివా రరుదు. అదియు నొక కంప్యూటరే. కాని 1970 ప్రాంతమున కంప్యూటరనగా ఒక గదినిండ నిలిచిన అలమరల వరుస. దానికి చల్లనిగాలి కావలెను. దానిని కనిపెట్టియుండుటకు ఉద్యోగులు కావలెను. ప్రభుత్వములకు, విశ్వవిద్యాలయములకు, పెద్ద వర్తకసంస్థలకు తప్ప అది దక్కునది కాదు. మన హైదరాబాదులో 1967లో స్థాపింపబడిన ఎలక్ట్రానిక్స్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా, డాక్టరు ఎ. ఎస్. రావుగారి సారథ్యమున, ఆ తరువాతి దశాబ్దములో స్వదేశపు కంప్యూటరులను నిర్మించినది. అవియును సంస్థలకొఱకే గాని గృహస్థులకొఱకు కావు. కంప్యూటరును ఇంట నుంచుకొనెదనని యెవరైన అనియుండినచో, రైలింజనును పెరటిలో కట్టివేసికొనెద ననినట్లే యుండెడిది.

ఇంతలో ఒక మార్పు కలిగెను. అమెరికాలో ఇంటెల్ అను కంపెనీవారు 1971లో కంప్యూటరునకు మెదడువంటి భాగము నంతటిని వ్రేలిగోరంత సిలికాను పలకపై ఇమిడ్చిరి. దానినే మనము చిప్పు అనుచున్నాము. 1974లో వారు 8080 అను మఱింత సమర్థమైన చిప్పును వెలువరించిరి. అయినను, దానితో ఇంటికి పనికివచ్చు యంత్రము చేయవచ్చునని ఆ రంగమున నున్న పెద్దలలో ననేకులకు తోచలేదు. ఇంటిలో కంప్యూటరు ఎవరికి కావలెను, ఎందుకు కావలెను అని వా రడిగిరి. ఆ ప్రశ్నకు సరియైన బదులు అప్పుడు ఎవరియొద్దను లేదు.

బదులు లేకుండగనే పనికి పూనుకొనినవా డొకడు కలడు. ఆయన పేరు ఎడ్వర్డ్ రాబర్ట్స్. అమెరికా వాయుసేనలో పనిచేసినవాడు. 1969లో న్యూ మెక్సికో రాష్ట్రమునందలి ఆల్బుకర్కీ పట్టణమున, మిత్రులతో కలిసి 'మిట్స్' అను చిన్న కంపెనీని పెట్టెను. బొమ్మ రాకెట్లలో నమర్చు పరికరముల విడిభాగములను అమ్ముట వారి తొలి వ్యాపారము. పిమ్మట లెక్కలు చేయు చిన్నయంత్రముల విడిభాగములను కట్టకట్టి అమ్మిరి. కొనినవాడు తన యింట వాటిని తానే కూర్చుకొనవలెను. ఇట్టి కట్టకు అచ్చట 'కిట్టు' అని పేరు. రేడియోలను ఇట్లే విడిభాగములు తెప్పించుకొని కట్టుకొను అలవాటు ఆ దేశమున అప్పటికి చాలకాలముగా నుండెను.

కొలదికాలము వ్యాపారము బాగుగనే సాగినది. తరువాత పెద్ద కంపెనీలు రంగమున దిగి, పూర్తిగా తయారైన లెక్కలయంత్రములను, రాబర్ట్స్ విడిభాగములకు పెట్టు ఖర్చుకంటెను చవుకగా అమ్మజొచ్చెను. 1974 నాటికి మిట్స్ సంస్థ నెత్తిన సుమారు 3 లక్షల డాలర్ల ఋణము పడినది. మునుగుచున్న పడవలోనున్న ఆ మనుష్యుడు మఱల అప్పుచేసి, కంప్యూటరు కిట్టు తయారుచేయుటకు నిశ్చయించుకొనెను. 8080 చిప్పు ఒక్కటికి ప్రకటితమైన ధర 360 డాలర్లు. పెద్దమొత్తమున కొనుటచే ఆయనకు 75 డాలర్ల చొప్పున లభించినది. కాబట్టియే కిట్టు మొత్తమును 400 డాలర్లకు లోపుగా ఈయగలిగెను. రెండువందల కిట్లు అమ్ముడుపోయిన గండము గడచునని ఆయన ఆశ.

ఆ యంత్రమునకు 'ఆల్టెయిర్ 8800' అని పేరిడిరి. ఆల్టెయిర్ అనునది ఆకాశమున నొక నక్షత్రము. మన పంచాంగములలో శ్రవణమని చెప్పబడునది అదియే. ఇంతకుముందును 1974లో మార్క్-8, స్కెల్బి అను కిట్లు రెండు వెలువడినవి గాని, అవి కొలదిమందికే తెలిసినవి. ఆల్టెయిర్ సంగతి 'పాప్యులర్ ఎలక్ట్రానిక్స్' అను మాసపత్రిక 1975 జనవరి సంచికలో ముఖపత్రముపై ప్రకటింపబడినది. ఇందొక వింత కలదు. రాబర్ట్స్ పంపిన మొదటి యంత్రము త్రోవలో పోయినది. వేఱొకటి చేయుటకు గడువు లేకపోయెను. కాబట్టి దీపములు, మీటలు మాత్రము బిగించిన ఉత్తపెట్టెను పంపిరి. దాని ఛాయాచిత్రమే ముఖపత్రముపై అచ్చయినది. లోపల నేమియు లేని పెట్టెను చూచి జనులు డబ్బు పంపిరి. రెండువందలు చాలునని తలచినవానికి వేలకొలది ఉత్తరువులు వచ్చిపడినవి. ఆ సంవత్సరము ఆగస్టు నాటికి 5000 మించి యంత్రములు పంపబడినవి.

డబ్బు పంపినవారికి వచ్చిన దేమి? ఒక రేకుపెట్టె, కొన్ని పలకలు, సంచులకొలది చిన్నచిన్న భాగములు, తీగెలు. కంసాలి నగకు మాటు వేసినట్లు, కాచిన మొనతో సీసమును తగరమును కరగించి ఒక్కొక్క కాలును పలకకు అతుకవలెను. ఒక్క అతుకు చెడినను యంత్రము పలుకదు. కొందఱికి అనేక రాత్రులు పట్టినవి. కొందఱి యంత్రములు ఎన్నటికిని పనిచేయలేదు. పనిచేసినవాటికైనను నేటి కంప్యూటరువలె తెఱ లేదు, అక్షరములమీటల పలక లేదు. ముందరిభాగమున చిన్న మీటల వరుస, ఎఱ్ఱని దీపముల వరుస మాత్రమే యున్నవి.

ఆ మీటలతో యంత్రమునకు సంఖ్యలు చెప్పుట యెట్లు? ఇది మన పెద్దలకు సులభముగనే బోధపడును. మన పాతకొలతలను జ్ఞాపకము చేసికొనుడు. రెండు గిద్దలు అరసోల. రెండు అరసోలలు సోల. రెండు సోలలు తవ్వ. రెండు తవ్వలు మానిక. రెండు మానికలు అడ్డ. రెండు అడ్డలు కుంచము. ప్రతిపాత్రయు వెనుకటిదానికి రెట్టింపు. గిద్దలలో చెప్పినచో 1, 2, 4, 8, 16, 32, 64. ఈ యేడు పాత్రలలో ఒక్కొక్కదానిని ఒక్కమాఱు వాడియో, వాడకయో, 1 మొదలు 127 వఱకు ఎన్ని గిద్దలనైనను కొలువవచ్చును. 5 గిద్దలు కావలెనన్న ఒక సోల, ఒక గిద్ద. 100 గిద్దలు కావలెనన్న ఒక కుంచము, ఒక అడ్డ, ఒక సోల. కుంచమునకు రెట్టింపైన పాత్ర నింకొకదానిని చేర్చినచో 255 వఱకు కొలువవచ్చును. ఆల్టెయిర్ మీటలు ఎనిమిది ఈ యెనిమిది పాత్రలవంటివి. మీట పైకెత్తిన, ఆ పాత్ర వాడినట్లు, దించిన, వాడనట్లు. యంత్రమునకు ఈయవలసిన ప్రతి ఆజ్ఞకును ఒక సంఖ్య కలదు. మీటలను ఆ సంఖ్యకు సరిపఱచి, వేఱొక మీట నొక్కిన అది యంత్రము జ్ఞాపకమున చేరును. ఇట్లు ఒక్కొక్కటిగా వందలకొలది సంఖ్యలు చేర్చవలెను. విద్యుత్తు ఆగినచో యంత్రము సర్వమును మఱచిపోవును. మఱల మొదటినుండి ప్రారంభింపవలసినదే.

ఆ జ్ఞాపకశక్తియు ఎంత? 256 సంఖ్యలు పట్టునంత. నేడు కంప్యూటరులలో మన లిపిని వ్రాయు పద్ధతిని ఒక ఉత్పలమాల పద్యమును వ్రాసినచో, ఆ పద్య మొక్కటియు అందులో పట్టదు. అప్పుచేసి తెప్పించి, కండ్లు కాయలు కాచునట్లు కూర్చిన యంత్రము, ఒక పద్యమునైనను జ్ఞాపకమున నుంచుకొనలేదు! ఇంటివారు "దీనివలన ఉపయోగమేమి?" అని యడిగినచో తప్పేమున్నది?

అయినను ఆ యంత్రములను కట్టుకొనినవారు ఒకరి నొకరు వెదకుకొని కలిసిరి. 1975 మార్చి 5వ తేదీన కాలిఫోర్నియా రాష్ట్రములోని మెన్లోపార్కు ఊరిలో గోర్డన్ ఫ్రెంచి అను నాతని కారుషెడ్డులో ముప్పదిమందికి పైగా చేరిరి. హోంబ్రూ కంప్యూటరు క్లబ్బు అను సంఘ మట్లు పుట్టినది. తెలిసినవాడు తెలియనివానికి చెప్పుట, ఒకని యొద్దనున్న భాగమును ఇంకొకనికి ఎరువిచ్చుట, గీసిన పటములను నలుగురికి పంచుట ఆ సంఘపు పద్ధతి. మన రచ్చబండవంటిదే యనుకొనుడు. అక్కడి ముచ్చట మాత్రము చిప్పులనుగూర్చి.

ఆ యేటి ఏప్రిలులో ఒక బడిలో జరిగిన సమావేశమున స్టీవ్ డాంపియర్ అను సభ్యుడు తన ఆల్టెయిరును తెచ్చెను. దాని ప్రక్కన ఒక చిన్న ట్రాన్సిస్టరు రేడియో నుంచెను. రేడియోను యంత్రమునకు తీగెతో కలుపలేదు. మీటలను ఒక్కొక్కటిగా ఎత్తుచు దించుచు చాలసేపు సంఖ్యలు చేర్చెను. అంతట రేడియోనుండి పాట వినవచ్చెను! బీటిల్స్ బృందమువారి పాట యొకటి. అది ముగిసిన తరువాత రెండవపాట. 1961లో బెల్ ప్రయోగశాలలవారు తమ మహాయంత్రముచేత పాడించినది ఆ పాటనే. కూర్చున్నవారందఱు లేచి నిలిచి కరతాళధ్వనులు చేసిరట.

ఇదియెట్లు జరిగినది? యంత్రము పనిచేయునపుడు లోపలి తీగెలలో విద్యుత్తు క్షణక్షణము ఆగుచు సాగుచు నుండును. దానివలన మంద్రమైన రేడియో తరంగములు వెలువడును. దగ్గఱనున్న రేడియోలో అవి గురగురగా వినబడును. డాంపియర్ ఒకనాడు ఇంట యంత్రముచే పని చేయించుచు ఆ గురగురను గమనించెను. పనిని మార్చినప్పుడు ధ్వనియు మారుచుండుట కనిపెట్టెను. ఒకే పనిని సెకనుకు ఎన్నిమాఱులు తిప్పించిన ఏ స్వరము పలుకునో గంటలకొలది వెదకి పట్టిక వ్రాసికొనెను. మనమందఱము పీడయని చిరాకుపడు గురగురలో ఆయన స్వరములను వినెను. శ్రవణముపేరిటి యంత్రము మొదట చెవికే విందైనది. అది చేసిన పనివలన లాభ మేమియు లేదు. కాని ఆ గదిలోనివారికి, ఇది తమ చేతులలో తాము చెప్పినట్లు పాడగల వస్తువని నమ్మకము కలిగినది. యుపయోగము తరువాత వచ్చినది.

అదియెట్లు వచ్చెనో క్లుప్తముగా చెప్పెదను. మాసపత్రిక ముఖపత్రము చూచిన పాల్ అలెన్, బిల్ గేట్స్ అను ఇరువురు యువకులు, ఆల్టెయిరును కంటితో చూడకయే, హార్వర్డు విశ్వవిద్యాలయములోని పెద్ద కంప్యూటరును ఆల్టెయిరువలె నటింపజేసి, దానికొఱకు 'బేసిక్' అను భాషను వ్రాసిరి. మీటలతో తంటాలుపడక మాటలతోనే ఆజ్ఞలీయుటకు అది సాధనము. 1975 మార్చిలో అలెన్ ఆల్బుకర్కీకి పోయి నిజమైన యంత్రముపై దానిని పరీక్షించెను. రెండును రెండును కలుపుమన, యంత్రము నాలుగని చెప్పెను. ఆ యేడే వారు మైక్రోసాఫ్ట్ సంస్థను స్థాపించిరి. ఆ సంస్థకు 2014లో హైదరాబాదున జన్మించిన సత్య నాదెళ్లగారు ప్రధానాధికారి యైన సంగతి మీ రెఱుగుదురు.

ఇచ్చట నొక వివాదమును పుట్టినది. పెద్దలైన మీరు తీర్పు చెప్పదగినది. ఆ బేసిక్ భాషను రంధ్రములు పొడిచిన కాగితపు పట్టీలపై అమ్ముచుండిరి. క్లబ్బువారిలో కొందఱు ఒక పట్టీకి నకళ్లు తీసి ఉచితముగా పంచిపెట్టిరి. 1976 ఫిబ్రవరిలో గేట్స్ వారికి బహిరంగలేఖ వ్రాసి, ఇది దొంగతనమే యనెను; శ్రమకు కూలి లేనిచో మంచిపని యెవరు చేయుదురని ప్రశ్నించెను. విద్యను పంచుకొనుటవలననే తామంతవఱకు వచ్చితిమని, అధికధర పెట్టిన ఫలమిదియని మఱికొందఱు పలికిరి. నా మట్టునకు, వ్రాసినవానికి కూలి ముట్టవలెననుట న్యాయము. కాని ఆ కారుషెడ్డులో ఒకరికొకరు నేర్పుకొనకున్నచో, ఆ వ్రాతను కొనుటకు మనుష్యులే లేకపోయెడివారు అనుటయు సత్యము.

ఆ క్లబ్బులోనే స్టీవ్ వోజ్నియాక్ అను నతడు తాను రచించిన యంత్రపు పటమును అందఱకు ఉచితముగా పంచిపెట్టెను. 1976లో మిత్రుడు స్టీవ్ జాబ్స్‌తో కలిసి దానినే ఆపిల్ అను పేర అమ్మెను. మొదటి ఆపిల్‌కు పెట్టెయు లేదు. కూర్చిన పలక మాత్రమే. అట్టివి సుమారు 200 చేసిరి. 1977లో పూర్తిగా తయారైన యంత్రములు మూడు కంపెనీలనుండి వెలువడినవి; విప్పనక్కఱలేక, అతుకనక్కఱలేక, కొనితెచ్చి నడుపుకొనునట్టివి. కిట్ల కాలము క్రమముగా క్షీణించినది. ఇంగ్లండులో క్లైవ్ సింక్లెయిర్ 1981లో జెడ్ఎక్స్ 81 అను చిన్నయంత్రమును, తయారైనది 69.95 పౌన్లకును, కిట్టుగా 49.95 పౌన్లకును అమ్మెను. స్వయముగా కూర్చుకొనినవారికి 20 పౌన్లు మిగిలినవి. వానితోపాటు విద్యయు మిగిలినది.

పిమ్మట యంత్రములు అందముగా, చిన్నవిగా, మూతలు బిగిసినవిగా మాఱినవి. లోపల నేమున్నదో చూడవలసిన యవసరము తీరిపోయినది. అది సుఖమే, కాని దానికి మూల్యము లేకపోలేదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయమున ఎబెన్ ఆప్టన్ మొదలగువారు, కంప్యూటరు విద్యకై వచ్చు విద్యార్థులలో వెనుకటివారికున్న చేతివిద్య కొఱవడుచున్నదని గ్రహించి చింతిల్లిరి. వారి ప్రయత్నఫలముగా 2012 ఫిబ్రవరి 29వ తేదీన రాస్బెర్రీ పై అను, మూతలేని, అఱచేతిలో నిముడు కంప్యూటరు పలక సుమారు 35 డాలర్లకు వెలువడినది. పిల్లలు పాడుచేసినను పెద్ద నష్టములేని వస్తువును వారి చేతికీయవలెననియే వారి తలంపు.

రాబర్ట్స్ ఏమాయెనని మీరడుగవచ్చును. ఆయన 1977లో తన కంపెనీని అమ్మివేసి, జార్జియా రాష్ట్రమునకు పోయి వ్యవసాయము చేసెను. వైద్యుడు కావలెనని చిన్ననాటి కోరిక. నడివయస్సున వైద్యకళాశాలలో చేరి, 1986లో పట్టము పొంది, కాక్రన్ అను చిన్న ఊరిలో వైద్యము చేయుచు జీవించెను. 2010 ఏప్రిల్ 1వ తేదీన మరణించెను. నడివయస్సున పట్టము పొందుటకు పూనుకొనిన మనుష్యుడు, ఇంటిలో కంప్యూటరెందుకని లోక మడిగినప్పుడు వెనుదీయకపోవుటలో ఆశ్చర్యము లేదు.

పెద్దలారా, వస్తువు విప్పిన ప్రతిపిల్లవాడును వోజ్నియాక్ కాడు. విప్పినవానిలో పెక్కు పాడగును. ఆల్టెయిర్ కిట్లును ఎన్నియో పాడైనవి. జాగ్రత్తయు వలయును. బ్యాటరీలతో నడుచు రేడియోవలన ప్రాణభయము లేదు. గోడలోని విద్యుత్తుతో నడుచువానిని తెలిసినవారు ప్రక్కన లేక ముట్టనీయరాదు. పాత టెలివిజను పెట్టెలలో తీగె ఊడదీసిన పిదపను ప్రమాదకరమైన విద్యుత్తు నిలిచియుండును. వానిని బొత్తిగా తెఱవనీయకుడు. ఈ మాత్రపు కట్టుబాటు చేసి, తక్కినది పిల్లవాని చేతికి విడువవలెనని నా మనవి. "ఉపయోగమేమి?" అను ప్రశ్న మంచిదే; కాని మొదటిదినమున అడుగదగినది కాదు. విత్తు నాటిన మఱునాడు పంట యెంతయని మన మడుగుదుమా?

నా మనుమనికి ఉత్తరము వ్రాసితిని. ఆనాడు కోపపడుట నా తప్పని వ్రాసితిని. దసరా సెలవులకు వాడు వచ్చెను. రేడియోను, మిగిలిన రెండు మరలను, క్రొత్తగా కొనిన మరతిప్పుడు పనిముట్టును వాని ముందుంచితిని. తాతామనుమల మిరువురమును వసారాలో చాప పఱచుకొని కూర్చుంటిమి. ఆ మరలలో నొకదాని చోటు దొరకినది. రెండవదాని చోటు ఇంకను దొరకలేదు. రేడియో ఇంకను పలుకలేదు. సంక్రాంతికి మఱల విప్పెదము.